హెక్సామాలిబ్డేట్ సంకర అణువులు: లెక్కలో వచ్చిన బీటా విలువను ఎంతవరకు నమ్మవచ్చు?

మణిదీప

సభ్యులందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో గణన రసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్న రెండో సంవత్సరం విద్యార్థినిని. లోహ ఆక్సైడు గుత్తిని కర్బన అణువుతో నేరుగా బంధించి తయారుచేసే సంకర పదార్థాలలో నాన్‌లీనియర్ ఆప్టిక్స్‌కు (కాంతి పౌనఃపున్యాన్ని మార్చడం వంటి పనులకు) పనికివచ్చేవి ఏవో కంప్యూటర్ మీద ముందుగా అంచనా వేయడం నా పని. ప్రస్తుతం హెక్సామాలిబ్డేట్‌ను తీసుకున్నాను. ఇందులో ఆరు మాలిబ్డినం పరమాణువులు, పందొమ్మిది ఆక్సిజన్లు ఉంటాయి, మొత్తం మీద రెండు రుణావేశాలు. బయటి ఆక్సిజన్లలో ఒకదాన్ని తీసి, ఆ స్థానంలో ఆరోమాటిక్ అమీన్ నైట్రోజన్‌ను పెడితే కర్బన భాగం గుత్తికి అతుక్కుంటుంది. గుత్తి ఎలక్ట్రాన్ గ్రహీతగానూ, అవతలి కొసన పెట్టిన డైమిథైల్ అమైనో సమూహం దాతగానూ పనిచేస్తాయి.

మధ్య వంతెనను ఒక బెంజీన్ వలయంతో మొదలుపెట్టి, వినైలీన్ (రెండు కార్బన్ల మధ్య ద్విబంధం) బంధాలు చేర్చుకుంటూ పొడిగించాను. ఎలక్ట్రాన్ల శక్తిని లెక్కించే సూత్రంగా (ఫంక్షనల్) బీ3ఎల్‌వైపీని, ఆర్బిటాళ్లను వర్ణించే గణిత ఫంక్షన్ల సమితులుగా (బేసిస్ సెట్) మాలిబ్డినానికి లాన్‌ఎల్2డీజెడ్, మిగిలిన పరమాణువులకు 6-31జీ(డీ) వాడాను. లెక్క వాయు స్థితిలో చేశాను. వంతెన పొడుగయ్యేకొద్దీ మొదటి హైపర్‌పోలరైజబిలిటీ, అంటే బీటా, ఎంత వేగంగా పెరుగుతోందంటే అన్నిటికంటే పొడవైన అణువుకు యూరియాతో పోలిస్తే కొన్ని వందల రెట్లు వచ్చింది. ఇలాంటి పట్టికలతో వెలువడిన వ్యాసాలు చాలా చూశాను కాబట్టి సంతోషించాలో అనుమానించాలో తెలియడం లేదు. మా విభాగంలో సంశ్లేషణ చేసేవారికి ఈ వరుసలో ఏ అణువును సూచించాలన్నది నా అసలు ప్రశ్న.

కొత్త_పాఠకుడు

క్షమించండి, నేను బీఎస్సీ విద్యార్థిని. బీటా అంటే భౌతికంగా ఏమిటో ఎవరైనా రెండు మాటల్లో చెబితే మిగతా చర్చ అనుసరించగలను.

సిద్ధాంతి

గోడకు దగ్గరగా కట్టిన ఊయలను ఊహించుకోండి. ముందుకు స్వేచ్ఛగా పోతుంది, వెనక్కి పోయేటప్పుడు కాళ్లు గోడకు తగులుతాయి కనుక అంత దూరం పోదు. అలాంటి ఒంటివైపు ఊగులో అసలు పౌనఃపున్యంతో పాటు దానికి రెట్టింపు పౌనఃపున్యం కూడా కలిసి ఉంటుంది. అణువులోని ఎలక్ట్రాన్ మేఘం కాంతి విద్యుత్ క్షేత్రానికి ఒక దిశలో సులభంగానూ, ఎదురు దిశలో కష్టంగానూ కదిలితే అది రెట్టింపు పౌనఃపున్యపు కాంతిని వెలువరిస్తుంది. ఆ అసమానత ఎంతో చెప్పే కొలతే బీటా. రెండు దిశల్లోనూ సమానంగా కదిలే, అంటే కేంద్రసౌష్ఠవం ఉన్న అణువుకు బీటా సున్నా.

మణిదీప గారికి వివరంగా రాస్తాను, కొంచెం సమయం ఇవ్వండి.

సిద్ధాంతి

నేను పంచాంగం రాసే సిద్ధాంతిని కాకపోయినా, ముందుగా ఒక జోస్యం చెబుతాను. మీరు ఫంక్షనల్ మార్చి అవే లెక్కలు తిరిగి చేస్తే పొట్టి అణువుల విలువలు కొద్దిగా, పొడవైనవాటి విలువలు బాగా పడిపోతాయి. పెరుగుదల ఉంటుంది గాని ఇంత ఏటవాలుగా ఉండదు.

కారణం ఇది. ఇలాంటి అణువులో బీటాకు ప్రధాన ఆధారం దాత నుంచి గ్రహీతకు ఎలక్ట్రాన్ తరలిపోయే ఒక ఉత్తేజిత స్థితి. 1977లో ఊదార్, షెమ్లా ఇచ్చిన రెండు స్థాయిల నమూనా ప్రకారం బీటా మూడు రాశుల మీద ఆధారపడుతుంది: ఆ తరలింపులో ద్విధ్రువ భ్రామకం ఎంత మారింది, ఆ స్థితికి పోవడానికి కాంతి శోషణ ఎంత బలంగా ఉంది, ఆ స్థితి ఎంత శక్తి దూరంలో ఉంది. మూడోది హారంలో, అదీ వర్గంగా ఉంటుంది. అందువల్ల శక్తిని కాస్త తక్కువగా లెక్కగట్టినా బీటా అమాంతం ఉబ్బుతుంది. బీ3ఎల్‌వైపీలో ఖచ్చితమైన ఎక్స్ఛేంజ్ (ఎలక్ట్రాన్ల మధ్య ఉండే ఒక క్వాంటం ప్రభావం) భాగం 20 శాతమే, దూరం ఎంతైనా అది మారదు. ఎలక్ట్రాన్ దూరంగా తరలే స్థితుల శక్తిని ఇది తక్కువగా చూపిస్తుంది, ఎంత దూరం తరలితే అంత ఎక్కువ పొరపాటు. పాలిఎసిటిలీన్ గొలుసుల విషయంలో సాధారణ ఫంక్షనళ్లు హైపర్‌పోలరైజబిలిటీని విపరీతంగా పెంచి చూపుతాయని షాంపేన్, ఆయన సహచరులు 1998లోనే చూపించారు. ఇరవై ఏడేళ్లు దాటినా మనం ఇంకా అదే ఫంక్షనల్‌తో అవే గొలుసులను పొడిగించి పట్టికలు వేస్తున్నామంటే దానికి అలవాటు తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

దూరాన్ని బట్టి ఎక్స్ఛేంజ్ వాటాను మార్చే ఫంక్షనళ్లు వాడండి. 2004లో వచ్చిన క్యామ్-బీ3ఎల్‌వైపీలో ఆ వాటా దగ్గరలో 19 శాతం, దూరంలో 65 శాతం. ఎల్‌సీ-బీఎల్‌వైపీ, ఒమేగాబీ97ఎక్స్-డీ దూరంలో నూరు శాతానికి చేరతాయి. మూడింటితోనూ చేసి, మీ వరుసలోని అతి చిన్న అణువుకు ఫంక్షనల్ వాడని ఎంపీ2 అనే పద్ధతితో సరిచూసుకుంటే ఏది నమ్మదగినదో మీకే తెలుస్తుంది.

రెండో లోపం ఇంతకంటే పెద్దది. మీ అణువు రెండు రుణావేశాలున్న అయాన్. దాన్ని శూన్యంలో ఒంటరిగా నిలబెట్టి లెక్క చేశారు. అవుట్‌పుట్ ఫైలు తెరిచి, ఎలక్ట్రాన్లు నిండిన అత్యున్నత ఆర్బిటాల్ శక్తి ధనాత్మకంగా ఉందేమో చూడండి. అలా ఉంటే ఆ ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచినది అణువు కాదు, మీరిచ్చిన పరిమితమైన బేసిస్ సెట్. దాన్ని తప్పించుకోవడానికి బేసిస్ సెట్‌ను చిన్నదిగానే ఉంచుదామనుకోవద్దు, ఎందుకంటే బీటాకు విస్తృత ఫంక్షన్లు, అంటే పరమాణువుకు దూరంగా పరుచుకునేవి, తప్పనిసరి. ద్రావణి నమూనా పెట్టి ఎసిటోనైట్రైల్‌లో లెక్క చేయండి. ఈ అయాన్లను ప్రయోగశాలలో కరిగించేది కూడా దానిలోనే.

లాన్‌ఎల్2డీజెడ్ గురించి ఎక్కువ చెప్పను, మాలిబ్డినానికి డెఫ్2-టీజెడ్‌వీపీ వాడితే చాలు.

లేజర్_బెంచి

నేను హైదరాబాదులో ఒక లేజర్ ప్రయోగశాలలో పని చేస్తున్నాను. సిద్ధాంతి గారు చెప్పినవన్నీ సరిచేసుకున్న తరువాత కూడా మీ సంఖ్య, మా సంఖ్య ఒకదానికొకటి ఎదురుపడినప్పుడు గుర్తుపట్టుకోలేకపోవచ్చు. దానికి కారణాలు రాస్తాను.

మొదట యూరియాను వదిలేయండి. 0.3728×10⁻³⁰ ఈఎస్‌యూ (బీటాను చెప్పే ఒక ప్రమాణం) అన్న యూరియా విలువ మన దేశపు వ్యాసాలలో ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. అది ఒక నిర్దిష్ట ఫంక్షనల్, ఒక చిన్న బేసిస్ సెట్‌తో వచ్చిన సంఖ్య. పరమాణు ప్రమాణాలలో అది 43 మాత్రమే (ఒక పరమాణు ప్రమాణం 8.639×10⁻³³ ఈఎస్‌యూ). దాత, గ్రహీత ఉన్న ఏ మామూలు ఆరోమాటిక్ అణువైనా, మా ద్రావణాల్లో ప్రమాణంగా వాడే పారానైట్రోఅనిలీన్‌తో సహా, యూరియాను సునాయాసంగా దాటిపోతుంది. అందుచేత "యూరియాకు ఇన్ని రెట్లు" అన్న వాక్యం చదివేవారికి ఏ సమాచారమూ ఇవ్వదు. పైగా పొడిచేసిన స్ఫటికాల పరీక్షలో యూరియాతో పోల్చడం వేరు, ఒంటరి అణువును యూరియా అణువుతో పోల్చడం వేరు. ఈ రెంటినీ కలిపేసిన వ్యాసాలు నా దగ్గరకు సమీక్షకు కూడా వచ్చాయి.

తరువాత ఏ బీటాను పోలుస్తున్నారన్నది చూడాలి. ప్రోగ్రాం ముద్రించే మొత్తం బీటాకు ఏ ప్రయోగంలోనూ నేరుగా జోడీ లేదు. విద్యుత్ క్షేత్రం పెట్టి చేసే పాత పద్ధతి ద్విధ్రువ దిశలోని భాగాన్నే చూస్తుంది. పైగా అయాన్ల ద్రావణానికి ఆ క్షేత్రం పెట్టడం కుదరదు, అవి ఎలక్ట్రోడ్ల వైపు పరుగెడతాయి. మీ అయాన్లకు మిగిలిన దారి హైపర్ రేలీ విక్షేపణం, అంటే ద్రావణం నుంచి చెదిరే రెట్టింపు పౌనఃపున్యపు కాంతిని కొలవడం. బెల్జియంలోని ల్యూవెన్‌లో క్లేస్, పర్సూన్స్ 1991లో దీన్ని ద్రావణాలకు అనువుగా మలిచిన తరువాతే ఆవేశమున్న అణువులు, ద్విధ్రువం లేని అష్టధ్రువ అణువులు కొలతకు అందాయి. దీనికి సరిపోలే రాశిని టెన్సర్ భాగాల నుంచి విడిగా లెక్కించాలి. దానితో పాటు ధ్రువణ నిష్పత్తిని (లేజర్ ధ్రువణ దిశ మార్చినప్పుడు వచ్చే రెండు తీవ్రతల నిష్పత్తిని) కూడా లెక్కించి ఇవ్వండి, ఒకే అక్షం వెంట ఎలక్ట్రాన్ కదిలే ద్విధ్రువ అణువుకు అది 5 దగ్గర, సంపూర్ణ అష్టధ్రువానికి 1.5 దగ్గర వస్తుంది. కొలిచిన నిష్పత్తి మీ లెక్కకు సరిపోతే, బీటా పరిమాణం ఎలా ఉన్నా అణువు స్వభావం మీకు సరిగా పట్టుబడిందని అర్థం.

నిర్వచనాల్లోనూ చిక్కుంది. క్షేత్రపు వర్గం ముందు సగం అన్న గుణకాన్ని విడిగా రాసేవారి బీటా, దాన్ని బీటాలోనే కలిపేసేవారి బీటాకు సరిగ్గా రెట్టింపు. పాత కొలతలకు ఆధారమైన క్వార్ట్జ్ ప్రమాణ విలువను వోల్టుకు 0.5 పికోమీటర్ల నుంచి 0.3కు తరువాత సవరించారు కాబట్టి పాత పట్టికలోని సంఖ్యను తెచ్చుకునేటప్పుడు ఏ ప్రమాణం మీద కొలిచారో చూడక తప్పదు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది అనునాదం. మీరు లెక్కించేది పౌనఃపున్యం సున్నా దగ్గరి స్థిర విలువ, మేము కొలిచేది 1064 నానోమీటర్ల లేజర్‌తో. మీ అణువు 500 నానోమీటర్ల వద్ద శోషిస్తుందనుకుందాం. రెట్టింపు పౌనఃపున్యం 532 వద్ద పడుతుంది, అంటే శోషణ శిఖరం పక్కనే. రెండు స్థాయిల నమూనాలో వేసి చూస్తే కొలిచిన విలువ స్థిర విలువకు 11 రెట్లు వస్తుంది. శోషణ 400 వద్ద ఉంటే అదే 2.7 రెట్లు. 500 వద్ద శోషించే అణువునే 1907 నానోమీటర్ల లేజర్‌తో కొలిస్తే 1.5 రెట్లే. కాబట్టి "కొలతకు లెక్కకు చక్కగా సరిపోయింది" అని ఎవరైనా రాస్తే, ఏ తరంగదైర్ఘ్యం వద్ద అని నేను మొదట అడుగుతాను.

కొత్త_పాఠకుడు

అయితే శోషణను కొలత తరంగదైర్ఘ్యానికి దగ్గరగా తెస్తే పెద్ద విలువ వస్తుంది కదా, దాన్ని వాడుకోవచ్చు కదండీ?

లేజర్_బెంచి

వచ్చిన ఆకుపచ్చ కాంతిని ఆ పదార్థమే మింగేస్తుంది, వేడెక్కి పాడవుతుంది కూడా. ప్రకాశాన్ని మార్చే పదార్థం ఆ ప్రకాశానికి పారదర్శకంగా ఉండాలి.

సిద్ధాంతి

హెక్సామాలిబ్డేట్ మీద ఆసక్తి కలగడానికి కారణం కూడా ఇదే. సాధారణ కర్బన అణువులలో బీటాను పెంచాలంటే వంతెన పొడిగించాలి, దానితో శోషణ ఎరుపు వైపు జరిగి పారదర్శకత పోతుంది. చైనాలోని చాంగ్‌చున్‌లో ఈశాన్య నార్మల్ విశ్వవిద్యాలయ బృందం ఈ సంకర అయాన్లకు పెద్ద బీటా ఉంటుందని 2000ల మధ్యలోనే లెక్కగట్టింది. ప్రయోగం చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం, ల్యూవెన్ వారు కలిసి 2016లో ప్రచురించిన కొలతలలో ఈ అయాన్లు శోషణను అంతగా ఎరుపు వైపు జరపకుండానే మంచి బీటా ఇస్తాయని తేలింది. అంటే ఇక్కడ లెక్క చూపిన దిశ సరైనదే. అందువల్ల మణిదీప గారు ఎన్నుకున్న వస్తువును నేను తప్పుపట్టడం లేదు. వంతెన పొడవును బట్టి కాకుండా, ఒకే శోషణ తరంగదైర్ఘ్యం దగ్గర ఏది ఎక్కువ బీటా ఇస్తుందన్న దాన్ని బట్టి వరుస పేర్చమంటున్నాను.

ఒక చిన్న పక్కమాట. అణువులో పాల్గొనే ఎలక్ట్రాన్ల సంఖ్య, మొదటి ఉత్తేజిత స్థితి శక్తి తెలిస్తే బీటాకు దాటరాని పైహద్దు ఒకటుంటుందని కూజిక్ 2000లో నిరూపించారు. అప్పటికి తెలిసిన ఉత్తమ అణువులు కూడా ఆ హద్దుకు దాదాపు 30 రెట్లు కిందనే ఉన్నాయి. మీ లెక్క ఆ హద్దును ఎక్కడ తాకుతోందో చూడటం ఒక మంచి పరీక్ష. హద్దు దాటితే తప్పు ప్రకృతిది కాదు.

స్ఫటికశాల

నేను విశ్రాంత అధ్యాపకుడిని. పాతికేళ్లు ద్రావణాలు ఆరబెట్టి స్ఫటికాలు పెంచాను. మీరందరూ ఒంటరి అణువు గురించి మాట్లాడుతున్నారు, పరికరంలో పెట్టుకునేది మాత్రం స్ఫటికాన్ని. అమ్మా మణిదీపా, నీ అణువుకు బీటా ఎంత ఉన్నా, అది స్ఫటికంలో పక్క అణువుతో తలకిందులుగా జతకూడితే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ద్విధ్రువం బలంగా ఉన్న అణువులకు అలా జతకూడటమే ఇష్టం. ప్రచురితమైన కర్బన స్ఫటికాలలో మూడో వంతుకు పైగా ఒకే ఒక్క స్పేస్ గ్రూపులో (స్ఫటికపు అమరికలోని సౌష్ఠవ రకంలో), పీ21/సీలో, ఉన్నాయి. అది కేంద్రసౌష్ఠవం ఉన్న గ్రూపు. పట్టికలో వందల రెట్లు, స్ఫటికంలో సున్నా.

లోహం ఉన్న అణువులలో ఈ రంగానికి ఊపు తెచ్చినది ఫెర్రోసీన్. ఫెర్రోసీన్‌కు నైట్రోఫినైల్ ఇథిలీన్ కలిపిన సమ్మేళనం జెడ్ రూపం యూరియాకు 62 రెట్లు రెండో హార్మోనిక్ (రెట్టింపు పౌనఃపున్యపు కాంతి) ఇచ్చిందని ఆక్స్‌ఫర్డ్ బృందం 1987లో ప్రచురించింది. ఇది పొడి మీద చేసిన కొలత, అంటే స్ఫటికపు అమరికతో సహా వచ్చిన ఫలితం. ఆ అణువు బీటాను మాత్రమే లెక్కించి చూసినవారెవరూ దాన్ని ఏరి ఉండేవారు కారని నా అభిప్రాయం.

స్ఫటికాల విషయంలో మన దేశపు అనుభవం కూడా చెప్పాలి. గ్లైసిన్‌కు ఏదో ఒక లోహ లవణం కలిపి ఆరబెట్టి, వచ్చిన స్ఫటికం ఆకుపచ్చగా వెలిగితే కొత్త లోహ సంకర పదార్థం దొరికిందని ప్రకటించినవారు ఎందరో. వాటిలో కొన్ని వట్టి గామా గ్లైసిన్ అని గోవా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటిగా ఎత్తిచూపారు. మామూలు ఆల్ఫా గ్లైసిన్‌కు కేంద్రసౌష్ఠవం ఉంది, గామాకు లేదు. లవణం చేసిన పనల్లా గామా రూపం పెరిగేందుకు తోడ్పడటమే. 1961లో మిషిగన్‌లో ఫ్రాంకెన్ బృందం మొదటిసారి రెండో హార్మోనిక్‌ను చూసినప్పుడు, ఫోటోలోని ఆ చిన్న చుక్కను మరక అనుకుని పత్రికవారు అచ్చులో చెరిపేశారు. ఈ రోజుల్లో కనపడిన ప్రతి చుక్కకూ కొత్త పేరు పెడుతున్నారు.

సిద్ధాంతి

గురువుగారి మాటలో నిజం ఉంది, కానీ దాన్ని చివరిదాకా తీసుకుపోతే అణువును లెక్కించడమే వృథా అన్నట్టవుతుంది. స్ఫటికపు అమరికను కూడా తీర్చిదిద్దే దారులున్నాయి. జింకు, కాడ్మియంతో వజ్రం వంటి చట్రాలు కట్టిన వెన్‌బిన్ లిన్ బృందం, రెండు కొసలూ వేర్వేరుగా ఉన్న సంధాన అణువును నాలుగు దిక్కుల లోహ కేంద్రాల మధ్య బిగిస్తే కేంద్రసౌష్ఠవాన్ని ముందే తప్పించవచ్చని 1999 నుంచి చూపించింది. జింకు, కాడ్మియం అయాన్లలో డీ ఆర్బిటాళ్లు నిండి ఉంటాయి కాబట్టి అవి అనవసరమైన రంగును తీసుకురావు. అష్టధ్రువ అణువులకు ద్విధ్రువమే లేదు కాబట్టి తలకిందుల జంటలు కట్టాల్సిన అవసరమే లేదు.

స్ఫటికశాల

చట్రాల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఈ అమ్మాయిది చట్రం కాదు, రుణ అయాన్. దాని పక్కన టెట్రాబ్యూటైల్ అమోనియం వంటి భారీ ధన అయాన్లు రెండు కూర్చుంటాయి. స్ఫటికం ఎలా పేరుకోవాలో సగం నిర్ణయం వాటిది. లెక్కలో వాటికి చోటే లేదు.

సిద్ధాంతి

అది ఇబ్బందే, అవకాశం కూడా. ఆవేశం లేని అణువు ఇచ్చిన స్ఫటికంతో సరిపెట్టుకోవాలి. అయానుకైతే జోడీని మార్చి మళ్లీ ప్రయత్నించవచ్చు. 1989లో వచ్చిన డాస్ట్ అనే స్ఫటికం అలాగే దొరికింది: రంగునిచ్చే ధన అయాన్‌ను అలాగే ఉంచి, రుణ అయాన్లను ఒకదాని తరువాత ఒకటి మార్చి చూస్తే టోసైలేట్‌తో కావలసిన అమరిక వచ్చింది. మీ విషయంలో మార్చవలసింది ధన అయాన్‌ను. చైరల్ (తన అద్దపు ప్రతిబింబంతో సరిపోలని) ధన అయాన్ పెడితే, స్ఫటికంలో అది ఒకే చేతివాటంలో ఉన్నంతవరకు, కేంద్రసౌష్ఠవం రానే రాదు.

స్ఫటికశాల

కేంద్రసౌష్ఠవం రాకపోవడం వేరు, అణువులన్నీ ఒకే దిక్కుకు చూడటం వేరు. చైరల్ గ్రూపులో కూడా అవి దాదాపు ఎదురెదురుగా పేరుకుని, మిగిలేది చిటికెడే కావచ్చు. ఈ విషయంలో మీతో ఏకీభవించలేను.

కర్బన_బంధం

నేను విశాఖపట్నంలో సంశ్లేషణ రసాయన శాస్త్రంలో పని చేస్తున్నాను. ఇంత చర్చలోనూ తయారుచేయబోయేవారిని ఎవరూ అడగలేదు కనుక చెబుతున్నాను. 2001 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో హెక్సామాలిబ్డేట్‌ను, ఆరోమాటిక్ అమీన్‌ను డైసైక్లోహెక్సైల్ కార్బోడైఇమైడ్‌తో కలిపి ఎసిటోనైట్రైల్‌లో మరిగిస్తే ఇమిడో (మాలిబ్డినం, నైట్రోజన్ మధ్య) బంధం ఏర్పడుతుంది. నీటి తడి తగిలితే ఆ బంధం విడిపోతుంది. మీ పొడవైన వినైలీన్ వంతెనల అమీన్లను ముందు కట్టుకుని, వాటిని ఈ చర్య గుండా నడిపించడం కష్టం, వెలుగు తగిలితే వినైలీన్ బంధం జ్యామితి కూడా మారిపోతుంది. దానికి బదులు అయోడో ఫినైల్ ఉన్న గుత్తిని ముందు తయారుచేసి, దాని మీద పల్లాడియం సహాయంతో ఎసిటిలీన్ వంతెనను అతికించడం నయం. బీటా కొంత తగ్గుతుందేమో, కాని సీసాలో పదార్థం ఉంటుంది.

కంప్యూటర్ మీద కాగితాలు నింపేసిన మరో కోవ ఉంది, లిథియం పరమాణువును కర్బన పంజరంలో పెట్టి, విడిపోయిన ఎలక్ట్రాన్ వల్ల బ్రహ్మాండమైన బీటా వస్తుందని చెప్పేవి. వాటిని గాలిలోకి తీస్తే ఏమవుతుందో ఆ వ్యాసాలు చెప్పవు. మణిదీప గారు ఆ దారి పట్టనందుకు సంతోషం.

మణిదీప

అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులు పట్టింది గాని చెప్పినవి చాలావరకు చేశాను. ముందుగా ఒప్పుకోవలసింది, వాయు స్థితి లెక్కలో అత్యున్నత ఆర్బిటాల్ శక్తి నిజంగానే ధనాత్మకంగా ఉంది. ఎసిటోనైట్రైల్ నమూనా పెట్టాక అది రుణాత్మకమైంది. క్యామ్-బీ3ఎల్‌వైపీ, ఒమేగాబీ97ఎక్స్-డీతో పొట్టి అణువు విలువ కొద్దిగానే మారింది, పొడవైనది సగానికంటే కిందికి పడిపోయింది. సిద్ధాంతి గారి జోస్యం ఫలించింది. శోషణ తరంగదైర్ఘ్యంతో కలిపి గీత గీస్తే వరుసే తారుమారైంది, పొడవైన రెండు అణువుల స్థానంలో, కర్బన_బంధం గారు సూచించినట్టు ఒకే ఎసిటిలీన్ వంతెన ఉన్నది ముందుకు వచ్చింది. దాని శోషణ లెక్కలో 400 నానోమీటర్ల చుట్టుపక్కల పడుతోంది.

యూరియా వరుసను పట్టికలోంచి తీసేశాను. మా గురువుగారు ఒకసారి కనుబొమ్మలు ఎగరేశారు, తరువాత ఊరుకున్నారు. స్ఫటికశాల గారి మాట విన్నాక ధన అయాన్లను కూడా కలిపి, స్ఫటికపు పునరావృత్త లెక్కగా ఒకటి చేయాలని ఉంది గాని, స్ఫటిక నిర్మాణం చేతిలో లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

స్ఫటికశాల

నిర్మాణం చేతికి వచ్చాకే మొదలుపెట్టమ్మా. ముందు కర్బన_బంధం గారితో మాట్లాడి, రెండు మూడు వేర్వేరు ధన అయాన్లతో లవణాలు చేయించు. ద్రావణిని ఒక్కదాన్నే పట్టుకోకుండా ఎసిటోనైట్రైల్ మీదకు ఈథర్ ఆవిరి పంపి కూడా చూడమను. స్ఫటికాలు వస్తే ఎక్స్-కిరణ నిర్మాణం తీయించే ఏర్పాటు నేను చూస్తాను.

లేజర్_బెంచి

అణువు తయారైతే ద్రావణంలో కొలత మేము చేస్తాం. మిల్లీమోలార్ స్థాయి ద్రావణం కొన్ని మిల్లీలీటర్లు చాలు, వేర్వేరు గాఢతల్లో నాలుగైదు సీసాలు చేసి పంపండి. పంపేముందు 532 నానోమీటర్ల వద్ద శోషణ గాని, ఫ్లోరసెన్స్ గాని ఉన్నాయేమో మీ దగ్గరే చూసుకోండి. రెండు ఫోటాన్లు మింగి వెలిగే ఫ్లోరసెన్స్ హార్మోనిక్ కాంతిలో కలిసిపోతే విలువ అబద్ధంగా పెరుగుతుంది. సీసా మూతలు గట్టిగా బిగించండి, నీటి తడి గురించి పైన చెప్పారు కదా.